ఆస్బెస్టాస్ కలిసిన మట్టి: శుద్ధి పనిలో భద్రత

ఆస్బెస్టాస్ పీచు మట్టిలో కదలకుండా పడి ఉన్నంతకాలం మనిషికి హాని చేయదు. ఎండి, నలిగి, దుమ్ముతో పాటు లేచి ఊపిరితిత్తుల్లోకి చేరినప్పుడే చేస్తుంది. ఆ మట్టిని శుద్ధి చేయాలంటే కదిలించక తప్పదు. అందువల్ల కలుషితమైన నేల ఏదైనా, దాని నుంచి అన్నిటికంటే ఎక్కువ పీచు గాలిలోకి లేచే అవకాశం ఉన్నది దాన్ని బాగుచేసే రోజుల్లోనే. ఈ పని కోసం వివిధ దేశాల్లో రూపొందిన పద్ధతులన్నీ ఈ చిక్కు చుట్టూ అల్లుకున్నవే. మట్టిలో ఎంత ఉందన్నది రెండో ప్రశ్న; పని జరుగుతుండగా గాలిలోకి ఎంత వస్తుందన్నది మొదటిది.

తెలుగులో రాతినార అని పాత పేరున్న ఆస్బెస్టాస్ ఒకే ఖనిజం కాదు, పీచులా విడిపోయే ఆరు సిలికేట్ ఖనిజాల ఉమ్మడి పేరు. తెల్ల ఆస్బెస్టాస్ అనే క్రైసోటైల్ సర్పెంటైన్ వర్గానిది. నీలి రంగు క్రోసిడొలైట్, గోధుమ రంగు అమొసైట్, ఇంకా ట్రెమొలైట్, ఆక్టినొలైట్, ఆంథోఫిల్లైట్ ఆంఫిబోల్ వర్గానివి. అన్నీ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా దీనివల్ల వచ్చే ప్రధాన వ్యాధులు. పీచు పీల్చిన నాటికీ జబ్బు బయటపడే నాటికీ మధ్య తరచు 20 నుంచి 40 ఏళ్ళు గడుస్తాయి. ఈ పనిలో నిర్లక్ష్యం ఇంతగా సాగడానికి ఆ జాప్యమే పెద్ద కారణం. తవ్వినవాడు ఆరోజు సాయంత్రం దగ్గడు కూడా.

మట్టిలోకి ఎలా చేరింది

కొన్నిచోట్ల పీచు ప్రకృతి సహజంగానే నేలలో ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో క్లియర్ క్రీక్ అనే కొండ ప్రాంతం క్రైసోటైల్ నిండిన సర్పెంటైన్ నేల. అక్కడ సరదాగా మోటారు సైకిళ్ళు నడిపేవారు పీల్చే గాలిని ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ కొలిపించింది. ముందు వెళ్ళేవారికంటే వారి దుమ్ములో వెనక వచ్చేవారు ఎక్కువ పీచు పీలుస్తున్నారని తేలింది. 2008 మేలో ఆ ప్రాంతాన్ని జనానికి మూసేశారు.

మిగతా చోట్ల మనిషే చేర్చాడు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని విట్టెనూమ్‌లో నీలి ఆస్బెస్టాస్ గనులు 1966లో మూతపడ్డాయి. సుమారు 30 లక్షల టన్నుల గని వ్యర్థాలు మిగిలిపోయాయి. శుద్ధి సాధ్యం కాదనుకుని 2007లో ఆ ఊరి పేరునే అధికారిక జాబితాల నుంచి, పటాల నుంచి తొలగించారు. నెదర్లాండ్స్‌లోని హోర్ పట్టణంలో ఇంకో కథ. అక్కడి ఆస్బెస్టాస్ సిమెంటు కార్ఖానా తన వ్యర్థాలను చుట్టుపక్కల రైతులకు ఇచ్చేది. వాళ్ళు దశాబ్దాల పాటు వాటిని పొలం బాటలకు, ఇంటి ముంగిళ్ళకు పరిచారు. 1970ల దాకా ఇది సాగింది. ఊరికి ఉపకారమనే అందరూ అనుకున్నారు.

అన్నిటికంటే లోతుగా అధ్యయనం జరిగింది అమెరికాలోని మోంటానా రాష్ట్రంలోని లిబ్బీలో. అక్కడి వెర్మిక్యులైట్ గనిలో ఆంఫిబోల్ ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. గని 1990లో మూతపడినా, దాని వ్యర్థాలు అప్పటికే ఇళ్ళ పెరళ్ళలోకి, బడి పిల్లలు పరుగెత్తే ట్రాక్‌లోకి, ఆటస్థలాల్లోకి చేరిపోయాయి. పర్యావరణ సంస్థ 1999లో రంగంలోకి దిగింది. 2009లో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2018లో ప్రధాన తవ్వకాలు పూర్తయ్యేసరికి 7,600కు పైగా ఆస్తులను పరిశీలించి, దాదాపు 2,600 చోట్ల శుద్ధి చేసి, 10 లక్షల ఘనగజాలకు మించి మట్టి తరలించారు.

నేటి నగరాల్లో కనిపించేది మాత్రం ఇంత పెద్ద ఎత్తుది కాదు. పాత కట్టడం కూలుస్తారు. పగిలిన రేకులు, పైపు ముక్కలు ఇటుకతో, కాంక్రీటుతో కలిసి పోతాయి. ఆ రద్దు ఇంకెక్కడో పల్లం పూడ్చడానికి వెళ్తుంది. 2024 జనవరిలో సిడ్నీలోని రోజెల్ పార్కులో చెట్ల కింద పరిచిన కలప పొట్టులో ఆస్బెస్టాస్ ముక్కలు దొరికాయి. వెతుక్కుంటూ పోతే పదుల కొద్దీ స్థలాల్లో, పాఠశాలలతో సహా, అదే బయటపడింది.

ఎంత ఉంటే ప్రమాదం

ఈ ప్రశ్నకు దేశానికో జవాబుంది. టన్ను మట్టి లెక్కన చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అమెరికాలో ఒక పదార్థాన్ని ఆస్బెస్టాస్ పదార్థంగా పరిగణించే హద్దు 1 శాతం, అంటే టన్నుకు 10 కిలోలు. బ్రిటన్‌లో పీచు 0.1 శాతం, అంటే టన్నుకు 1 కిలో దాటితే ఆ మట్టి ప్రమాదకర వ్యర్థం. నెదర్లాండ్స్‌లో జోక్యం చేసుకోవలసిన హద్దు టన్నుకు 100 గ్రాములు. అందులోనూ ఆంఫిబోల్ పీచును పదింతలు చేసి లెక్కిస్తారు. పశ్చిమ ఆస్ట్రేలియా మార్గదర్శకాల్లో విడి పీచుకు హద్దు 0.001 శాతం, టన్నుకు 10 గ్రాములే. ఇవన్నీ ఒకే అవసరం కోసం పెట్టిన అంకెలు కావు కాబట్టి పక్కపక్కన పెట్టి ఎవరు కఠినం, ఎవరు ఉదారం అని తేల్చడం సరికాదు. అయితే అమెరికా 1 శాతం హద్దు ఆరోగ్యాన్ని బట్టి పెట్టింది కాదని అక్కడి పర్యావరణ సంస్థే స్పష్టం చేసింది. అంతకంటే తక్కువుంటే భయం లేదనుకోవడం చాలాచోట్ల జరిగిన పొరపాటు.

1988లో ఎడిన్‌బరోలోని వృత్తి వైద్య సంస్థ పరిశోధకులు చేసిన ప్రయోగం ఈ విషయంలో నేటికీ ఆధారం. పొడిగా ఉన్న మట్టిలో 0.001 శాతం పీచున్నా, దాన్ని దుమ్ము రేగేలా కదిలిస్తే గాలిలో పీచు మిల్లీలీటరుకు 0.1 దాటగలదని వాళ్ళు చూపారు. ఇప్పుడు బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో పనివారికి చట్టం పెట్టిన హద్దు కూడా 0.1 పీచే, ఎన్ని గంటల సగటు తీయాలన్న దానిలోనే తేడా. ఆ హద్దు చిన్నదిగా అనిపించవచ్చు. ఎనిమిది గంటల పనిలో మనిషి సుమారు 10 ఘనమీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే, 0.1 చొప్పున లోపలికి పోయేవి 10 లక్షల పీచులు. అంటే అది సురక్షితమైన హద్దు కాదు, దాటితే నేరమయ్యే హద్దు. లిబ్బీలో ఊరి జనం జీవితాంతం పీల్చే గాలికి అమెరికా పర్యావరణ సంస్థ 2014లో నిర్ణయించిన ప్రమాణం మిల్లీలీటరుకు 0.00009.

పీచు ఏ రూపంలో ఉందన్నది పరిమాణమంత ముఖ్యం. సిమెంటులో గట్టిగా బిగిసి, చేత్తో నలిపినా నలగని రేకు ముక్క నుంచి పీచు అంత తేలిగ్గా ఊడిరాదు. బాయిలర్ పైపుల చుట్టూ చుట్టిన తొడుగు, స్ప్రే చేసిన పూత, గని వ్యర్థం అలా కాదు, ముట్టుకుంటే విడిపోతాయి. ఆస్ట్రేలియా పద్ధతిలో మట్టిని 7 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పైన మిగిలిన గట్టి ముక్కలను ఒక లెక్కలోకి, కిందికి జారినదాన్ని ఇంకో లెక్కలోకి తీసుకుంటారు. ఇళ్ళ స్థలాల్లో గట్టి ముక్కలకు హద్దు 0.01 శాతం. ఆచరణలో దీని అర్థం ఏమిటో చూద్దాం. పది లీటర్ల బకెట్టు మట్టి దాదాపు 16.5 కిలోలు తూగుతుంది. అందులో 10 గ్రాముల రేకు ముక్క ఒకటి దొరికింది. రేకులో ఆస్బెస్టాస్ 15 శాతమని లెక్క. అంటే 1.5 గ్రాములు, దాదాపు 0.009 శాతం. హద్దుకు వెంట్రుకవాసి లోపల! బకెట్టుకు ఇలాంటి చిన్న ముక్క ఒకటి దొరికినా ఆ స్థలం గురించి ఆలోచించాల్సిందే.

పని మొదలయ్యే ముందు

పార పట్టేముందు స్థల చరిత్ర చూడాలి. పాత పటాలు, ఏరియల్ ఫొటోలు, అక్కడ పనిచేసిన పెద్దవాళ్ళ జ్ఞాపకాలు. ఏ షెడ్డు ఎక్కడుండేది, దాన్ని ఎవరు కూల్చారు, రద్దు ఎటు పోయింది. ఆ తర్వాత నేలంతా గళ్ళుగా విడగొట్టి నడిచి చూసి, గుంటలు తీసి నమూనాలు పడతారు. పీచు మట్టిలో సమానంగా పరుచుకుని ఉండదు. ఒక గుంటలో ఏమీ లేకపోయినా పక్క గుంట నిండా ఉండవచ్చు. ప్రయోగశాల ఇచ్చిన 'లేదు' అన్న నివేదికను 'ఆ నమూనాలో లేదు' అని మాత్రమే చదవాలి. నమూనా తీసేవాడు కూడా మాస్కు పెట్టుకునే తీయాలి. ఆ పనిని సర్వే అనుకుని మామూలు బట్టలతో వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

తడి, గాలి, యంత్రం

దుమ్మును అణచడానికి నీటిని మించిన సాధనం లేదు. మట్టిలో కొద్ది శాతం తేమ చేరినా పీచు లేవడం బాగా తగ్గిపోతుంది. అయితే నీళ్ళు పోయడంలోనూ పద్ధతి ఉంది. గొట్టంతో ఒత్తిడిగా కొడితే నీళ్ళే పీచును ఎగజిమ్ముతాయి. సన్నని తుంపరగా, తరచుగా, తవ్వే చోటుకు ముందే ఇంకేలా చల్లాలి. నీరు పీచులోకి త్వరగా దిగడానికి కొద్దిగా సబ్బు లాంటి ద్రావణం కలుపుతారు. పైపైన తడిసిన మట్టి కింద పొడిగానే ఉంటుంది, బకెట్టు దిగగానే ఆ పొడి మన్నే బయటికొస్తుంది. అందుకే ముందురోజు నుంచే తడపడం మేలు. మరీ ఎక్కువైతే బురద పారి రోడ్డెక్కుతుంది. అక్కడ ఎండి, బళ్ళ చక్రాల కింద నలిగి, మళ్ళీ దుమ్మవుతుంది. గాలి ఉధృతంగా ఉన్న పూట పని ఆపేయడం కంటే వేరే మార్గం లేదు.

ప్రొక్లెయిన్ ఆపరేటర్ చేతిలో చాలా ఉంటుంది. బకెట్టును టిప్పర్ పైన ఎత్తు నుంచి వదలకుండా తొట్టిలోకి దించి మెల్లగా ఒంపాలి. కలుషితమైన నేల మీద టిప్పర్లు తిరగకుండా, శుభ్రమైన వైపు నుంచే లోడు ఎత్తేలా తవ్వకాన్ని వెనక్కి నడపాలి. క్యాబిన్ అద్దాలు మూసి, లోపలికి వచ్చే గాలి సూక్ష్మ వడపోత గుండా వచ్చేలా, లోపలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువుండేలా అమరుస్తారు. అలాంటి క్యాబిన్‌లో కూర్చున్నవాడి ప్రమాదం, కింద నిలబడి దారి చూపేవాడితో పోలిస్తే చాలా తక్కువ. దాంతో నేలమీద మనుషులు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. టిప్పర్ తొట్టికి లోపల పాలిథీన్ పరిచి, పైన టార్పాలిన్ బిగించాలి. చక్రాలు కడిగిన నీటిని పట్టి వడకట్టాలి. చీపురుతో పొడిగా ఊడ్చడం, కంప్రెసర్ గాలితో బట్టలు, యంత్రాలు దులపడం నిషిద్ధం. మామూలు వాక్యూమ్ క్లీనరూ పనికిరాదు. దాని సంచిలోంచి సన్న పీచు వెనక నుంచి గదిలోకే వస్తుంది.

ముక్కలు నేలపైనే చెదిరి ఉన్న చోట చేత్తో ఏరడమే ఉత్తమం. మనుషులు వరసగా నిలబడి, తలలు దించి, అడుగులో అడుగు వేస్తూ ఏరుతారు. ఆస్ట్రేలియా కూలీలు దీన్ని ఈమూ పక్షి పేరుతో పిలుస్తారు. ఇది నిదానమైన పనే. కానీ ముక్కలు పగలవు, మట్టి కదలదు. దానికి బదులు యంత్రపు జల్లెడ పెడితే పని చకచకా అవుతుంది, ముక్కలు ఒకదానికొకటి రాసుకుని పీచు కూడా అంతే చకచకా లేస్తుంది.

ఒంటిమీది రక్షణ

మాస్కు చివరి అడ్డుకట్ట. దుమ్ము లేవకుండా చేయవలసినవన్నీ చేశాక మిగిలిన కాస్త కోసం అది. ఐరోపా ప్రమాణాల్లో పి3 అనే శ్రేణి వడపోత ఉన్న సగం ముఖపు మాస్కు బయటి పీచును ఇరవయ్యో వంతుకు తగ్గిస్తుందని లెక్క. బ్యాటరీతో గాలి అందించే నిండు ముఖపు మాస్కు నలభయ్యో వంతుకు. కొవిడ్ కాలంలో అందరికీ అలవాటైన ఎన్95 ఈ పనికి చాలదు. ముఖానికి చుట్టిన తువ్వాలు ఎందుకూ కొరగాదు. మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాలి కాబట్టి గడ్డం ఉండకూడదు, రెండు రోజుల గరుకు గడ్డమైనా సరే. ఏ ముఖానికి ఏ మాస్కు సరిపోతుందో పరీక్షించే పద్ధతులున్నాయి. అందరికీ ఒకే సైజు పంచిపెట్టడం లెక్క చూపించుకోవడానికే పనికొస్తుంది.

తలకు టోపీ అతుక్కుని ఉన్న, వాడి పారేసే ఓవరాల్ తొడిగి, టోపీని మాస్కు పట్టీల మీదుగా లాగాలి. లేసులున్న బూట్లలో పీచు చిక్కుకుంటుంది, గమ్‌బూట్లే నయం. పని ముగిశాక విప్పడంలో ఒక వరస ఉంది. ముందు బూట్లు కడిగి, ఓవరాల్‌ను సూక్ష్మ వడపోత ఉన్న వాక్యూమ్‌తోనో తడిగుడ్డతోనో శుభ్రం చేసి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ తీసేయాలి. అప్పటికీ మాస్కు ముఖం మీదే ఉండాలి. స్నానపు గదిలోకి దానితోనే వెళ్ళి, నీళ్ళు పడుతుండగా చివరగా తీస్తారు. మురికి గది, స్నానపు గది, శుభ్రమైన గది వరసగా ఉన్న బండిని పెద్ద పనుల దగ్గర తప్పనిసరిగా ఉంచుతారు.

ఇంత పట్టింపు చాదస్తం కాదు. 1960లో దక్షిణాఫ్రికా నీలి ఆస్బెస్టాస్ ప్రాంతంలో 33 మీసోథీలియోమా కేసులను వాగ్నర్ బృందం నమోదు చేస్తే, అందులో గనిలో ఎన్నడూ పనిచేయనివారు, చిన్నప్పుడు గని దగ్గర పెరిగినవారు చాలామంది. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ చేసిన అధ్యయనంలో కార్మికుల దుమ్ము బట్టలు ఇంట్లో ఉతికిన ఆడవాళ్ళు కనిపించారు. పని బట్టలు పనిచోటు దాటకూడదన్న నియమానికి ఇలాంటి అనుభవాలే బలమిచ్చాయి.

ఎండ సంగతి చల్లని దేశాల్లో రాసిన మార్గదర్శకాల్లో పెద్దగా ఉండదు. గాలి దూరని ఓవరాల్, బిగుతు మాస్కు వేసుకుని 40 డిగ్రీల ఎండలో తవ్వేవాడికి మొదట ముంచుకొచ్చేది వడదెబ్బే. మంచినీళ్ళు తాగాలంటే మాస్కు తీయాలి, మాస్కు తీయాలంటే ముందు ఒళ్ళు శుభ్రం చేసుకుని బయటికి రావాలి. ప్రతి విరామానికీ ఓవరాల్ మార్చాలి. ఖర్చనో ఆలస్యమనో విరామాలు తగ్గిస్తే, మనిషి ఉక్కకు తాళలేక మధ్యలోనే మాస్కు కిందికి లాగుతాడు. కాబట్టి ఉష్ణ దేశాల్లో పనివేళలు తెల్లవారుజాముకు మార్చడం, ఒక్కో విడత నిడివి కుదించడం, మనుషులను మార్చి మార్చి దించడం పీచు నుంచి రక్షణలో భాగమే. దాన్ని కార్మిక సంక్షేమం కింద వేరే పద్దులో రాయడం తప్పు.

గాలిని కొలవడం

పనివాడి భుజం దగ్గర చిన్న పంపు గొట్టం తగిలించి, వడపోత కాగితం మీద చేరిన పీచును సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. 5 మైక్రాన్లకంటే పొడవు, 3 మైక్రాన్లకంటే సన్నం, పొడవు వెడల్పుకు మూడింతలకు పైబడి ఉంటేనే లెక్కలోకి వస్తుంది. స్థలం సరిహద్దుల్లోనూ పంపులు పెడతారు. ఆస్ట్రేలియాలో మిల్లీలీటరుకు 0.01 దాటితే కారణం వెతుకుతారు, 0.02 దాటితే పని ఆపుతారు. మామూలు సూక్ష్మదర్శిని అన్ని పీచులనూ ఒకేలా చూస్తుంది. అది ఆస్బెస్టాసా, గడ్డి నూగా అని తేల్చాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. మట్టి పనిలో ఇంకో ఇబ్బంది. కాగితం మీద దుమ్ము పేరుకుపోయి అసలు లెక్కించడానికే వీలుకాదు. అలాంటి నమూనా వచ్చిందంటే నీళ్ళు సరిగ్గా చల్లలేదని అర్థం. దాన్ని 'ఫలితం లేదు' అని పక్కన పెట్టేవారున్నారు, నిజానికి అంతకంటే సూటి ఫలితం ఉండదు.

తీయాలా, కప్పాలా

మట్టినంతా తవ్వి తరలించడం ఎప్పుడూ ఉత్తమం కాదు. తవ్వితే పీచు లేస్తుంది, తరలిస్తే దారిపొడవునా ప్రమాదం, చేరినచోట మళ్ళీ పూడ్చడమే. ఎవరూ తవ్వే అవసరం లేని చోట, రంగు గుడ్డలాంటి హెచ్చరిక పొర పరిచి, పైన శుభ్రమైన మట్టి మందంగా వేసి, గడ్డి పెంచి వదిలేయడం చాలాసార్లు తెలివైన పని. వాన కోత, ఎలుకల బొరియలు, చెట్ల వేళ్ళు ఆ కప్పును చెడగొడతాయి గనుక ఏటా చూసుకోవాలి. స్థలం చేతులు మారినా కింద ఏముందో దస్తావేజుల్లో నిలిచి ఉండాలి. లిబ్బీలో శుద్ధి ముగిసినా కొంత పీచు నేల లోతుల్లో, గోడల్లో ఉండిపోయింది. అక్కడ ఇల్లు మరమ్మతు చేసేవారు, తవ్వేవారు ముందుగా సంప్రదించడానికి స్థానిక ప్రభుత్వం ప్రత్యేక విభాగం నడుపుతోంది.

మన దేశంలో

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల, క్రైసోటైల్ గనులు ఉండేవి. వేంపల్లె డోలమైట్ శిలల్లోకి చొచ్చుకొచ్చిన డోలరైట్ వేడికి ఏర్పడిన పీచు అది. ఝార్ఖండ్‌లోని రోరో కొండల్లో గని 1983లో మూతపడ్డా, వాలు మీద పోసిన వ్యర్థాలు వానలకు కింది పొలాల్లోకి దిగుతూ వచ్చాయి. కొత్త గని లీజులను కేంద్రం 1986లో ఆపింది. గనులు ఆగినా దిగుమతి చేసుకున్న పీచుతో రేకుల తయారీ సాగుతూనే ఉంది. ఆ పరిశ్రమలో హైదరాబాదుది పాత పేరు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో ఆస్బెస్టాస్ తయారీ వ్యర్థాలు ఉన్నాయి. వాటిని ఎలా పారవేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 11768 కూడా 1986 నుంచీ ఉంది. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాల పూడిక కేంద్రాలున్నాయి. 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం వేరే నియమాలు తెచ్చినా, గని పనుల వల్ల కలిగిన కాలుష్యాన్ని వాటి పరిధికి బయటే ఉంచింది. పాత ఆస్బెస్టాస్ గనుల నేల అలా చేతికందకుండా పోయింది. కార్మికుల విషయంలో 1995 జనవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు గట్టిది. ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిననాటి నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. నెలకో కాంట్రాక్టరు కింద, పేరు కూడా నమోదు కాకుండా కూల్చివేత పనికి వెళ్ళే కూలీకి అలాంటి రికార్డు తెరిచేదెవరు?

తుపానుకో, కూల్చివేతలోనో పగిలిన రేకు ముక్కలు పెరట్లో పడితే గృహస్థు చేయగలిగినది కొంత ఉంది. వాటిని తొక్కి నలపకుండా, ముందు తడిపి, చేతికి తొడుగు, ముఖానికి సరైన మాస్కు వేసుకుని ఏరాలి. దళసరి పాలిథీన్ సంచిలో వేసి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మూతి బిగించి, లోపల ఏముందో పైన రాయాలి. ముక్కలను ఇటుక రద్దులో కలిపి ట్రాక్టరుకు ఎత్తకూడదు. రేకును రాపిడి యంత్రంతో కోయడం, డ్రిల్లుతో రంధ్రాలు పెట్టడం మట్టి పని కంటే కూడా ఎక్కువ పీచు లేపుతాయి. ఆ పొడి రాలిన నేలను ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ అదే సంచిలో వేయాలి.